పన్నెండో వరస

అసూయ అనే గుణం లోకంలో అందరికీ ఉంటుంది గానీ, దాన్ని ముప్పయ్యొక్క సంవత్సరాలపాటు ఒకే మనిషి మీద, మట్టం తప్పకుండా, తడి ఆరకుండా కాపాడుకుంటూ రావటం అందరివల్లా అయ్యే పని కాదు. మేస్త్రివల్ల అయింది. ఆ ఒక్క మనిషి ఆయన తోడల్లుడు.

మేస్త్రి నలభై రెండేళ్ళు తాపీ పట్టాడు. ఊళ్ళో ఏ వీధిలో నడిచినా ఎడమ పక్క ఒకటి, కుడి పక్క రెండు ఆయన కట్టిన గోడలు నిలబడి ఉంటాయి. పోయినేడు మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని ఇక పరంజా ఎక్కేది లేదని తీర్మానించటంతో, మేస్త్రి ఇంటిపట్టున ఉండిపోయాడు. అప్పట్నుంచి ఇంట్లో వంకర అనేదాన్ని ఉండనివ్వలేదు. గోడమీద క్యాలెండరు ఒక గోరంత వాలినా లేచి సరిచేసేవాడు.

తోడల్లుడిది పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే పని. చుట్టపక్కాలంతా ఆయన్ని 'పళ్ళాయన' అంటారు. మేస్త్రి ఎదురుగా ఉన్నప్పుడు 'తమ్ముడూ' అనేవాడు. వెనకాల ఏమనేవాడో రాయటం మర్యాద కాదు.

ఇంతకీ పళ్ళాయన చేసిన అపరాధం ఏమిటంటే, అత్తగారికి పళ్ళు కట్టటం. అదే అత్తగారి ఇంటికి ప్రహరీ, వంటిల్లు, పదమూడు మెట్లు కట్టింది మేస్త్రి. ఆ మెట్లెక్కి వచ్చిన వాళ్ళెవరూ వాటి గురించి ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. అత్తగారు మాత్రం ఎవరొచ్చినా నోరు తెరిచి, పై పళ్ళూ కింది పళ్ళూ చూపించి, "మా చిన్నల్లుడు చేశాడమ్మా! జామకాయ కూడా కొరికేస్తున్నాను" అనేది. ఆవిడ పొరపాటున పెద్దల్లుణ్ణి పొగిడినా ఆ పొగడ్త చిన్నల్లుడి పళ్ళ మధ్యనుంచే బయటికి రావాలి. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? గోడకి నవ్వటం రాదు. పళ్ళకి అదొక్కటే పని.

ఇలా ఉండగా లైబ్రరీ వారి కబురు వచ్చింది.

పాత నూలు మిల్లు పడగొట్టి పన్నెండేళ్ళయింది. ఆ స్థలంలోనే లైబ్రరీ వెలిసింది. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు మెడలో, పట్టుదల మొహంలో వేలాడే మనిషి. ఆవిడకి ఆ పాత మిల్లు వీధిని చిన్న బొమ్మగా చేయించి, గాజు పెట్టెలో పెట్టి, వచ్చిన వాళ్ళకి చూపించాలనే కోరిక పుట్టింది. మిల్లు గేటు, పొగగొట్టం, టీ కొట్టు, దీపపు స్తంభాలు వడ్రంగి చేసిపెట్టాడు. మిగిలింది ప్రహరీ గోడ. అసలు గోడ నలభై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు. పూత లేకుండా ఇటుక ఇటుకా లెక్కపెట్టుకునేలా ఉండేది. బొమ్మలో మాత్రం మూరెడుకి కాస్త తక్కువ పొడవు, నాలుగు వేళ్ళ ఎత్తు ఉండాలి.

ఆ గోడ కట్టింది మేస్త్రే. పంతొమ్మిదో ఏట, సొంతంగా తాపీ పట్టి కట్టిన మొట్టమొదటి గోడ. నిజానికి ఎడమ సగం ఈయనది, కుడి సగం ఇంకో కుర్ర మేస్త్రిది. కానీ ఆ గోడ కథ చెప్పేటప్పుడు కుడి సగం సంగతి మేస్త్రికి ఎందుకో గుర్తొచ్చేది కాదు.

లైబ్రేరియన్ గారు స్వయంగా ఇంటికొచ్చి అడిగారు. "మీరు కట్టిన గోడ మీ చేత్తోనే మళ్ళీ కట్టాలండీ. ఇదిగో, పాత ఫోటో ఒకటి దొరికితే పెద్దది చేయించాను. చూసుకుంటారని..."

మేస్త్రి ఆ కవరు వైపు కూడా చూడలేదు. "నేను కట్టిన గోడకి నాకు ఫోటో ఎందుకమ్మా? కన్నతల్లికి బిడ్డ ఫోటో చూపించి, గుర్తుపట్టు చూద్దాం అంటారా?"

ఆవిడకి ఆ మాట నచ్చింది. అక్కడితో కథ సుఖాంతం కావలసింది. ఆ రోజు అత్తగారు కూతురింటికి రాకుండా ఉంటే అయ్యేది కూడా.

"మా చిన్నల్లుడి చెయ్యి కూడా భలే సన్నపనిదండీ," అంది అత్తగారు, సాక్ష్యంగా పళ్ళు చూపిస్తూ. "బియ్యపు గింజ మీద గీత గియ్యమన్నా గీస్తాడు."

లైబ్రేరియన్ గారి కళ్ళు మెరిశాయి. "అయితే ఇద్దరూ చెయ్యండి! ఏది అసలు గోడలా ఉంటే దాన్నే పెట్టెలో పెడదాం." ఫోటో కవరు తీసుకుని, అటునుంచి అటే పళ్ళాయన ఇంటికి వెళ్ళిపోయారు.

మామూలు మనిషికైతే గుండెలో రాయి పడేది. మేస్త్రి గుండె కాబట్టి ఇటుకే పడింది. అత్తగారింటి మెట్లు పోతే పోయాయి, ఇది తన మొదటి గోడ. ఆ గోడ విషయంలో కూడా పళ్ళవాడి చేతిలో ఓడిపోతే, నలభై రెండేళ్ళు తాపీ పట్టి ఏం లాభం?

నిర్మాణ పనులు మర్నాడు ఉదయం పది గంటలకి వంటింటి బల్ల మీద ప్రారంభమయ్యాయి. మేస్త్రి పాత ఇటుక ఒకటి రోట్లో వేసి దంచి, పలచని గుడ్డలో జల్లించి, ఆ పొడిలో జిగురు కలిపి, అద్దం ముక్క మీద రొట్టెలా పరిచాడు. ఆరుతూ ఉండగానే బ్లేడుతో అడ్డంగా, నిలువుగా కోశాడు. ఒక్కో ఇటుక బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగు. అలాంటివి వెయ్యిన్నాలుగువందల ఎనభై కావాలి.

భార్య నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "పెళ్ళైనప్పట్నుంచీ బియ్యంలో రాళ్ళేరుతున్నాను. మీరేమో రాళ్ళనే బియ్యం చేస్తున్నారు. ఇవాళ అన్నం వండాలా, వీటినే వార్చమంటారా?"

"నవ్వు నవ్వు. నీ మరిదిగారిది చూశాక ఏడుద్దువుగాని."

తెగిపోయిన దండలోని పూస ఒకటి దారానికి కట్టి, గోడ నిలువు చూసుకునే తూకం గుండు చేసుకున్నాడు. సందుల్లో సిమెంటు నింపటానికి టూత్‌పిక్ వాడమని భార్య సలహా ఇచ్చింది గానీ, అదీ పళ్ళకి సంబంధించిన వస్తువే కావటంతో మేస్త్రికి మనస్కరించలేదు. అగ్గిపుల్ల చెక్కుకున్నాడు. ఒక వరస నిండు ఇటుకతో మొదలైతే దాని పై వరస అర ఇటుకతో మొదలుపెట్టాడు. అలా అయితేనే నిలువు సందు మీద సందు పడకుండా, పై ఇటుక కింది రెండిటినీ పట్టుకుని కూర్చుంటుంది. తాపీ పనిలో ఇది అక్షరాభ్యాసం. ఈ సంగతి పళ్ళు కట్టేవాళ్ళకి ఎక్కడ తెలుస్తుంది?

గోడ లేచాక, రోజుకు మూడు పూటలా చుక్కల మందు సీసాతో తడిపాడు.

"అది గోడా, బాలింతా? ఈ ఉపచారాలేంటి?" అంది భార్య.

"తడపకపోతే బీటలిస్తుందే."

"ఇచ్చి ఎవరి మీద పడుతుంది, చీమ మీదా?"

ఇరవై రెండో రోజుకి గోడ పూర్తయింది. మేస్త్రి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇరవై తొమ్మిది వరసలు. ఒక్కటి వాలలేదు, ఒక్కటి ఉబ్బలేదు. ఏ తప్పూ లేదు. ఏ తప్పూ లేని ఆ గోడని గంటసేపు చూసిన మీదట, ఆయనకి ఎందుకో అది కొత్త సబ్బుబిళ్ళలా కనిపించటం మొదలుపెట్టింది. ఆ అనుమానం ఒంటరిగా రాలేదు. మరి వాడు ఎలా చేశాడో అన్న ఆరాటాన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

సాయంత్రం, కదలని పన్నొకటి కదులుతోందని చెప్పుకుని, మేస్త్రి తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు.

పళ్ళాయన పనిచేసుకునే గది వీధి వైపు ఉంటుంది. అలమరా నిండా పళ్ళ అచ్చులు. యాభై అరవై నోళ్ళు, ఒక్కటైనా మూసుకోకుండా, మేస్త్రిని చూసి ఏకగ్రీవంగా ఇకిలించాయి.

"రా అన్నయ్యా, కూర్చో! ఏ పన్ను?"

"పన్ను సంగతి తర్వాత. గోడ ఎంతవరకొచ్చింది?"

పళ్ళాయన సిగ్గుపడుతూ, బల్లమీద కప్పిన గుడ్డ తీశాడు.

మేస్త్రి రెండడుగులు ముందుకేశాడు. అది గోడ. బొమ్మ కాదు, గోడ. అడుగున రెండు వరసల దాకా చెమ్మ ఎక్కి నల్లబడింది. మధ్యలో ఎవరో కొట్టిన మేకు, దాని కింద తుప్పు కారిన చార. ఒక మూల ఏ బండో గీరుకుపోయినట్టు మూడిటుకలు పెచ్చులూడాయి. చింపేసిన పోస్టరు తాలూకు కాగితం పీలిక ఒకటి ఇంకా అంటుకునే ఉంది. వెనక్కి తిరిగితే మిల్లు కూత వినిపిస్తుందేమో అనిపించింది. నలభై మూడేళ్ళ కిందటి ఎండ ఆ గోడ మీద పడుతున్నట్టే ఉంది, అది తన ఎండ! ఈ పళ్ళవాడి బల్ల మీదికి ఎలా వచ్చింది?

"ఈ... ఈ మచ్చలు దేంతో వేశావు?" అన్నాడు, ఆ తుప్పు చారని వేలితో చూపిస్తూ.

"మా పళ్ళ రంగులే అన్నయ్యా. పొగాకు నమిలేవాళ్ళకి కొత్త పళ్ళు కట్టేటప్పుడు పక్క పళ్ళతో కలవాలని కాస్త గోధుమ రంగు వేస్తాం. అదే. పళ్ళు మరీ తెల్లగా, మరీ వరసగా ఉన్నాయనుకో, చూసేవాడు అవి కట్టుడు పళ్ళని ఇట్టే పట్టేస్తాడు. ఓ వంకర, ఓ మరక ఉంటేనే నమ్ముతాడు."

మేస్త్రికి తన ఇంట్లో ఉన్న సబ్బుబిళ్ళ కళ్ళముందు మెదిలింది. తప్పు... ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతే ఆ సబ్బుబిళ్ళ దగ్గరికి తిరిగి నడవలేడు. మోకాలి నొప్పి లెక్కచెయ్యకుండా వంగి, ఎడమ చివర్నుంచి, అడుగు వరస నుంచి వెతకటం మొదలుపెట్టాడు. మొదటి వరస బాగుంది. ఆరో వరస బాగుంది. పదకొండు, బాగుంది.

పన్నెండు.

పన్నెండో వరస అర ఇటుకతో మొదలు కావాలి. నిండు ఇటుకతో మొదలైంది! దాంతో వరసగా ఎనిమిది ఇటుకల దాకా సందు మీద సందు, సందు మీద సందు పడి, తొమ్మిదో చోట ఒక ముక్క ఇరికించాక గానీ దారిన పడలేదు.

దేవుడు ఉన్నాడు. తాపీ పని తెలిసినవాడే.

"ఏంటన్నయ్యా, అలా చూస్తున్నావు?" అన్నాడు పళ్ళాయన. ఆయన గొంతులో ఏదో బెరుకు.

"ఏం లేదు తమ్ముడూ. బ్రహ్మాండంగా ఉంది!" అన్నాడు మేస్త్రి, ముప్పయ్యొక్కేళ్ళలో మొదటిసారి మనస్ఫూర్తిగా. పన్ను సంగతి మరిచిపోయి బయటపడ్డాడు.

ఈల వేసుకుంటూ ఇంట్లోకొచ్చిన మొగుణ్ణి చూసి భార్య కంగారుపడింది. "ఏంటండీ అంత సంతోషంగా ఉన్నారు? మరిదిగారికి ఒంట్లో బాలేదా?"

మర్నాడు, ముందుజాగ్రత్తగా ఉంటుందని, మేస్త్రి తన గోడకి కూడా ఒక మూల పెచ్చు లేపుదామని సూది పట్టుకున్నాడు. జీవితమంతా పెచ్చులు పూడ్చిన చెయ్యి ససేమిరా అంది. చల్లారిన టీ ఒక చుక్క వేసి చూశాడు. అది పూర్తిగా ఇంకకముందే గుడ్డ పెట్టి తుడిచేశాడు. అక్కర్లేదు. ఆయన దగ్గర పన్నెండో వరస ఉంది.

ఆదివారం ఉదయం లైబ్రరీ హాల్లో రెండు గోడలూ పక్కపక్కన పెట్టారు. లైబ్రేరియన్ గారు, అక్కచెల్లెళ్ళిద్దరూ, అత్తగారు, చదువుకోవటానికొచ్చి పేపరు వదిలేసి లేచిన నలుగురూ చుట్టూ చేరారు. అందరి చూపులూ ముందు మేస్త్రి గోడ మీద మర్యాదగా ఒక్క క్షణం నిలిచి, పళ్ళాయన గోడ మీదికి జారి అక్కడే ఉండిపోయాయి.

"అమ్మో, ఆ తుప్పు మరక చూడండి!" అన్నారొకరు.

"మీ గోడ కూడా చాలా... శుభ్రంగా ఉందండీ," అన్నారు లైబ్రేరియన్ గారు మేస్త్రితో.

మేస్త్రి ఈ క్షణం కోసమే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీశాడు.

"మరకలు ఎవరైనా వేస్తారమ్మా. గోడ అంటే మరకలు కాదు, కట్టుబడి. ఇటు రండి. కింది నుంచి పన్నెండో వరస చూడండి. ఇదిగో సందు, దాని నెత్తి మీద సందు. ఇదిగో మళ్ళీ. ఎనిమిది చోట్ల! ఇలా కడితే గోడ అక్కడ చీలుతుంది. తాపీ పట్టిన మొదటి రోజు నేర్పే పాఠం ఇది. ఆ మిల్లు గోడ కట్టినవాడు ఇలాంటి పని చేసుంటే, పెద్దమేస్త్రి ఆ తాపీతోనే వాడి నడ్డి మీద వేసి ఇంటికి పంపేసేవాడు. కళ్ళున్నవాడు చేసే పని కాదిది. బొమ్మ బాగుంది, కాదనను. కానీ అబద్ధం. లైబ్రరీలో అబద్ధం పెడతారా?"

అందరూ వంగి చూశారు. ఉంది. ఎనిమిది చోట్లా ఉంది. ఒకసారి కనిపించాక ఇక అదే కనిపిస్తోంది.

"మీరేమంటారండీ?" అన్నారు లైబ్రేరియన్ గారు పళ్ళాయనతో.

పళ్ళాయన తలొంచుకున్నాడు. "నాకు గోడల గురించి ఏం తెలుసు మేడం? ఎక్కడో పొరపాటు పడుంటాను. అన్నయ్య కట్టిన గోడ, అన్నయ్యకే తెలుస్తుంది. అన్నయ్యదే పెట్టండి."

గెలిచాడు. మేస్త్రి ఛాతీ వెడల్పయింది. ఆ వెడల్పులో, తోడల్లుడు ఒక కవరు తీసి చప్పుడు కాకుండా సంచిలో అడుగుకి తోసెయ్యటం కనపడేది కాదు, ఇంకెవరికైనా అయితే. కానీ ముప్పయ్యొక్కేళ్ళుగా ఆ చేతుల్నే కనిపెట్టి ఉన్న కళ్ళవి.

"ఏంటది?"

"ఏం లేదన్నయ్యా. ఆ పాత ఫోటో. మసకమసగ్గా ఉంది, ఏం కనపడదు."

"ఇటియ్యి."

"ఎందుకన్నయ్యా ఇప్పుడు..."

"ఇటియ్యమన్నానా!"

ఫోటోలో మిల్లు గోడ. దానికి ఎవరో సైకిలు ఆనించారు. ఎడమ చివర్న, సైకిలు హ్యాండిలు పైనుంచి, ఎండ ఏటవాలుగా పడి ప్రతి సందూ నల్లగీతలా తేలి ఉంది. మేస్త్రి లెక్కపెట్టాడు. పన్నెండో వరస నిండు ఇటుకతో మొదలైంది. సందు మీద సందు. ఎనిమిది.

ఆ ఎనిమిది సందుల్లోంచి ఒక మధ్యాహ్నం బయటికొచ్చింది. గోడకి ఆ చివర ఆ కుర్ర మేస్త్రి, ఈ చివర తను. ఎవరి వరస ముందు మధ్యకి చేరుతుందా అని పందెం, అదీ మాటల్లో అనుకోని పందెం. ఆ కుర్రాడి చేతులు చేపల్లా ఆడుతున్నాయి. తను ఆ చేతుల్నే చూస్తూ ఇటుకలు పెట్టుకుంటూ పోయాడు. ఎనిమిది పెట్టాక తెలిసింది. విప్పితే వెనకబడతాడు. ఓ ముక్క ఇరికించి, పెద్దమేస్త్రి వచ్చి వెళ్ళేదాకా ఆ చోట నిచ్చెన ఆనించి పెట్టాడు. తర్వాత మరిచిపోయాడు. ఎంత శ్రద్ధగా మరిచిపోయాడంటే, నలభై మూడేళ్ళలో ఆ గోడ ఆయన మనసులో దానంతటదే సరైపోయింది.

తలెత్తాడు. పళ్ళాయన ఆయన్ని చూడటం లేదు, కిటికీ వైపు చూస్తున్నాడు. భూతద్దం పెట్టుకుని ప్రతి ఇటుకా దించినవాడు. వాడికి మొదటి రోజే తెలుసు. తను వాడింటికి వెళ్ళినప్పుడూ తెలుసు. ఇప్పుడు నలుగురిలో తిట్లు తిని, తప్పు తన మీద వేసుకుని, ఋజువు సంచిలో దాచుకున్నాడు.

"ఏముందండీ ఫోటోలో?" అన్నారు లైబ్రేరియన్ గారు.

"చెప్పానుగా మేడం, ఏం కనపడదు," అన్నాడు పళ్ళాయన.

ఒక్క మాట చాలు. 'అవునమ్మా, మసగ్గానే ఉంది' అంటే చాలు. సబ్బుబిళ్ళ పెట్టెలోకి పోతుంది. ఆ మాట మేస్త్రి నాలిక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని ఆపింది ధర్మమని రాస్తే వినటానికి బాగుంటుంది గానీ, ఆపింది అసూయే. పళ్ళు వాడివి, నవ్వు వాడిది, తుప్పు మరక వాడిది. ఇప్పుడు మంచితనం కూడా వాడికే వదిలెయ్యాలా? పైగా తను పెట్టిన ఇటుకల్ని, తన సొంత ఇటుకల్ని, వాడి పొరపాటు కింద జమకట్టుకుపోతాడా?

"కనపడుతోంది," అన్నాడు మేస్త్రి. "శుభ్రంగా కనపడుతోంది. ఆ పన్నెండో వరస తప్పు వీడిది కాదమ్మా, నాది. ఆ గోడ అలాగే కట్టాను. ఇందాక నేను తిట్టిన ఆ కళ్ళులేనివాణ్ణి నేనే. వీడి గోడే పెట్టండి. అదే అసలుది."

అందరికన్నా ముందు అత్తగారు కదిలింది. ఆవిడ మేస్త్రి గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసి, "నీదీ బాగుంది నాయనా. కానీ ఎవరి గోడో తెలీటం లేదు," అంది. తర్వాత పళ్ళాయన గోడలో పన్నెండో వరస మీద వేలు పెట్టి, "ఇది మా పెద్దల్లుడు కట్టాడమ్మా," అని పక్కనున్న వాళ్ళకి చెప్పి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. ఆ పళ్ళు ఎవరివన్నది ఆ క్షణంలో మేస్త్రికి గుర్తురాలేదు. ఒక్క క్షణమే అనుకోండి.

గోడని పెట్టెలో దించారు. దాని ముందు చిన్న అట్టముక్క ఒకటి అంటించాలి. 'బొమ్మ చేసినది: తోడల్లుళ్ళలో చిన్నవారు. అసలు గోడ కట్టినది, పన్నెండో వరసతో సహా: పెద్దవారు' అని మేస్త్రి పట్టుబట్టి రాయించాడు. పళ్ళాయన దానికి జిగురు రాస్తూ, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అన్నయ్యా, ఒక్క మాట. నీ చేతిలో అలా తప్పటం ఏంటి? ఆ రోజు ఏం చూస్తూ పెట్టావు?"

"పక్కవాడి చేతులు."

పళ్ళాయన అట్టముక్కని పెట్టెకి ఆనించాడు. "మరి ఎవరు ముందు చేరారు?"

"వాడే," అన్నాడు మేస్త్రి. ఆయన కళ్ళు తోడల్లుడి చేతుల మీదే ఉన్నాయి. "కుడి పక్క కాస్త దించు. వాలింది."